ఓపెన్‌గేమ్‌ఆర్ట్ రివ్యూ: బొమ్మ పుణ్యానికే, చీటీ పోగొట్టుకుంటేనే తంటా

నల్గొండలోనో పాలమూరులోనో ఒక ల్యాప్‌టాప్, గేమ్‌లు తయారుచేసే గోడో ఇంజిన్, ఇద్దరు దోస్తులతో మొదలయ్యే గేమ్ కోడ్ దగ్గర ఆగదు, బొమ్మల దగ్గర ఆగుతుంది. గీసేవాళ్లు ఉండరు, గీయించడానికి పైసలుండవు. గూగుల్‌లో కనబడ్డ చిత్రాన్ని ఎత్తుకొచ్చి అతికిస్తే కాలేజీ ప్రాజెక్టు దాకా గడుస్తుంది. ప్లే స్టోర్‌లో పెట్టాక అసలు యజమాని ఫిర్యాదు చేస్తే గేమే తీసేస్తారు. ఈ చిక్కుకు 2009 నుంచి ఉన్న మందు ఓపెన్‌గేమ్‌ఆర్ట్ అనే వెబ్‌సైట్. టైల్స్ (నేల, గోడలు పరిచే చదరపు ముక్కలు), పాత్రల బొమ్మలు, త్రీడీ మోడళ్లు, నేపథ్య సంగీతం, కత్తి చప్పుడు, తలుపు కిర్రు అన్నీ ఉచితం. డౌన్‌లోడ్‌కు ఖాతా కూడా అక్కర్లేదు.

బొమ్మల నాణ్యతకు ఐదులో మూడు మార్కులు. హక్కుల వివరం రాసే పద్ధతికి ఐదుకు ఐదు. రెండో మార్కు కోసమే ఈ సైట్ వాడాలి.

ఏ బొమ్మ పేజీ తెరిచినా గీసినవారి పేరు, లైసెన్సు, ట్యాగులు, ఫైళ్లతో పాటు ‘పేరు ఎట్ల వేయాలి’ అని చెప్పే గడి ఒకటి ఉంటుంది. కొత్తవాళ్లు చూడకుండా దాటిపోయేది దాన్నే. జిప్ ఫైల్ దించుకుని మూడు నెలల తర్వాత ఫోల్డర్ తెరిస్తే అందులో ‘ట్రీ2_ఫైనల్’ అని ఒక బొమ్మ ఉంటుంది, అది ఎవరిదో ఏ లైసెన్సుదో ఎవరికీ గుర్తుండదు. అందుకే బొమ్మ దించిన నిమిషంలోనే పక్కన ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఇట్లా ఒక వరుస రాసుకోవాలి, అదే మీ చీటీ (ఇందులో సీసీ-బై అనేది లైసెన్సు పేరు, దాని సంగతి కింద ఉంది):

తాటిచెట్లు, 32 పిక్సెళ్ల టైల్స్ – గీసినవారి సైట్ పేరు – సీసీ-బై 4.0 – పేజీ లంకె – దించిన తేదీ – మార్పు: ఆకుల రంగు ముదురు చేశాం.

వాడినవన్నీ సైట్‌లోనే ఒక కలెక్షన్‌గా చేర్చుకునే సౌకర్యం ఉంది. దాని కోసం మాత్రం ఖాతా తెరవాలి. కలెక్షన్ పేజీ నుంచి పేర్ల జాబితాను ఒకే ఫైల్‌గా దించుకోవచ్చు. ఇంత పనికొచ్చే మీట ఆ సైట్‌లో ఇంకోటి లేదు. అయినా మీరు చేసిన మార్పుల సంగతి అందులో రాదు, అది మీరే కలపాలి.

ఇక లైసెన్సులు. వ్యాపారానికి వాడొద్దనే లైసెన్సుల్నీ, మార్పులు చేయొద్దనే లైసెన్సుల్నీ ఈ సైట్ అసలు తీసుకోదు. అంటే ఇక్కడున్న దేన్నైనా అమ్మే గేమ్‌లో పెట్టొచ్చు. షరతులు మాత్రం వేరువేరు. సీసీ అంటే క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ రాసిపెట్టిన లైసెన్సులు. సీసీ జీరోకు పేరు కూడా అక్కర్లేదు. సీసీ-బైకి పేరు వేయాలి. సీసీ-బై-ఎస్‌ఏ అయితే పేరు వేయడంతో పాటు, ఆ బొమ్మను మార్చి మీరు తయారుచేసిన బొమ్మను కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. జీపీఎల్ సాఫ్ట్‌వేర్ కోసం పుట్టిన లైసెన్సు, కోడ్ అందరికీ తెరిచి ఉంచాలంటుంది. మీ గేమ్ కోడ్ కూడా జీపీఎల్ అయితే హాయిగా వాడండి, కోడ్ మూసిపెట్టే ఉద్దేశం ఉంటే దాని జోలికి పోకండి. ఒకే బొమ్మకు రెండు మూడు లైసెన్సులు రాసి ఉంటే అన్నీ పాటించాలని కాదు, వాటిలో మీకు నచ్చిన ఒకటి ఎంచుకోవచ్చు. ఏది ఎంచుకున్నారో మాత్రం రాసి పెట్టుకోండి.

ఓజీఏ-బై అని ఇంకోటి కనబడుతుంది, అది ఈ సైట్ సొంత లైసెన్సు. సీసీ లైసెన్సుల్లో ఒక షరతుంది: ముందుకు పంచేటప్పుడు తీసుకునేవారి హక్కులకు అడ్డొచ్చే సాంకేతిక తాళం వేయకూడదు. కొన్ని యాప్ స్టోర్లు గేమ్‌కు తాళం వేసే అమ్ముతాయి. ఈ రెంటికీ పొత్తు కుదురుతుందా లేదా అనే పేచీ పాతదే. సీసీ-బై నుంచి ఆ ఒక్క షరతు తీసేస్తే వచ్చిందే ఓజీఏ-బై. ఐఫోన్‌కు కూడా గేమ్ ఇవ్వాలనుకుంటే వెతికేటప్పుడే సీసీ జీరో, ఓజీఏ-బై గడుల్లో టిక్కు పెట్టుకోండి, తలనొప్పి ఉండదు.

పాటల దగ్గర ఒక గొయ్యి ఉంది, చాలామంది అందులోనే పడతారు. కదిలే బొమ్మకు సంగీతాన్ని సమయం ప్రకారం జోడిస్తే అది కొత్త రూపమే అని సీసీ లైసెన్సుల్లో స్పష్టంగా రాసి ఉంది. సీసీ-బై-ఎస్‌ఏ పాటను గేమ్ ట్రైలర్ వెనక పెడితే ఆ ట్రైలర్ మొత్తాన్నీ అదే లైసెన్సు కింద ఇవ్వాల్సి వస్తుంది. ట్రైలర్‌కు సీసీ జీరో గానీ సీసీ-బై గానీ ఉన్న పాటే తీసుకోండి.

పేరు వేయడం మర్చిపోతే? బొమ్మ వాడుకునే హక్కు పోతుంది. వెర్షన్ 4.0 అయితే తప్పు తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దితే పోయిన హక్కు దానంతటదే తిరిగొస్తుంది. 3.0లో ఆ వెసులుబాటు లేదు. పాత బొమ్మలు చాలావరకు 3.0వే కాబట్టి అంకె చూసి రాయండి, ఊరికే ‘సీసీ’ అని వదిలేస్తే లెక్కకు రాదు.

ఈ సైట్‌లో అన్నిటికన్నా పెద్ద నిధి 2012 నాటి లిబరేటెడ్ పిక్సెల్ కప్ బొమ్మలు. క్రియేటివ్ కామన్స్, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, ఓపెన్‌గేమ్‌ఆర్ట్ కలిసి పెట్టిన పోటీ అది. నేల టైల్ 32 పిక్సెళ్లు, పాత్ర గడి 64 పిక్సెళ్లు అని మొదట్లోనే కొలత కట్టారు కాబట్టి వేరువేరు మనుషులు గీసినా బొమ్మలు ఒకదాని పక్కన ఒకటి అతుకుతాయి. మిగతా సైట్‌కు ఈ క్రమశిక్షణ లేదు. అక్కడో చెట్టు, ఇక్కడో ఇల్లు ఏరుకొస్తే సంతలో బట్టలన్నీ ఒకేసారి తొడుక్కున్నట్టుంటుంది.

ఈ పోటీ కొలతల మీద పాత్రల్ని తయారుచేసే ఉచిత జనరేటర్ కూడా ఉంది. జుట్టు, చొక్కా, చెప్పులు ఎంచుకుంటే భంగిమలన్నీ గడుల్లో పేర్చిన ఒకే చిత్రం, అంటే షీట్, ఇస్తుంది, పేర్ల జాబితా కూడా అదే ఇస్తుంది. మూల షీట్ వెడల్పు 832, ఎత్తు 1344 పిక్సెళ్లు, అంటే 13 నిలువు వరుసలు, 21 అడ్డ వరుసలు. నడక 9 నుంచి 12వ వరుస దాకా ఉంటుంది: పైకి, ఎడమకు, కిందికి, కుడికి, ఈ క్రమంలో. ఒక్కో దిక్కుకు 9 ఫ్రేములు. అందులో మొదటిది నిలబడ్డ భంగిమ, మిగతా 8 మాత్రమే నడక. మొత్తం 9నీ తిప్పితే ప్రతి చుట్టులో మనిషి ఒక్క క్షణం తడబడి కుంటినట్టు కనిపిస్తాడు. గోడోలో ఫ్రేముల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి ఫ్రేమ్ 1 నుంచి 8 వరకే లూప్ చేయండి, సున్నాను ఆగినప్పటికి ఉంచండి. గోడో 4లో బొమ్మ మసకగా వస్తే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టెక్స్చర్ ఫిల్టర్‌ను ‘నియరెస్ట్’కు మార్చాలి.

గొంగడి కప్పుకున్న గొర్లకాపరి, పంచె కట్టిన రైతు కావాలంటే మాత్రం వెతుకుతూ కూర్చోకండి. జనరేటర్ ఇచ్చిన బొమ్మ మీదే గీసుకోవడం తక్కువ పని. భుజం మీంచి మోకాలి దాకా దిగే నల్ల గొంగడి 64 పిక్సెళ్ల గడిలో ఒక లేయర్, అంచున లేత రంగు గీత ఒకటి. నాలుగు దిక్కులకూ నడక ఒక్కటే గీసినా 36 ఫ్రేములు. ఒకటి గుర్తుపెట్టుకోండి: ఈ బొమ్మల మూలం సీసీ-బై-ఎస్‌ఏ 3.0, జీపీఎల్ 3.0. వాటి మీద గీసిన గొంగడి మనిషిని మీరు బయటికిస్తే అదే లైసెన్సుల్లో ఒకదాని కింద ఇవ్వాలి. దాచుకుంటామంటే కుదరదు.

పక్క దుకాణాల సంగతి కూడా క్లుప్తంగా. కెన్నీ అనే ఉచిత గేమ్ బొమ్మల సైట్‌లోవన్నీ సీసీ జీరో, ఒకే చేతి గీత, హక్కుల బెంగ లేదు. మొదటి గేమ్‌కు కళ్లు మూసుకుని అదే వాడొచ్చు. దాని 16 పిక్సెళ్ల టైల్ షీట్లు కొన్నిటిలో టైల్‌కూ టైల్‌కూ మధ్య ఒక పిక్సెల్ ఖాళీ ఉంటుంది. గోడోలో సెపరేషన్ (టైల్స్ మధ్య ఖాళీ) 1 పెట్టకపోతే రెండో వరుస నుంచి బొమ్మలన్నీ పక్కకు జరుగుతాయి. ‘ప్యాక్డ్’ అని ఉన్న ఫైల్‌కు ఆ బాధ లేదు. చప్పుళ్లకు ఫ్రీసౌండ్ అనే సైట్ మేలు. బార్సిలోనాలోని పోంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం వాళ్లు 2005 నుంచి నడుపుతున్నది. దించుకోవాలంటే లాగిన్ కావాలి. అక్కడ వ్యాపారానికి వాడొద్దనే సీసీ-బై-ఎన్‌సీ కూడా కలిసి ఉంటుంది, గేమ్‌లో యాడ్‌లు పెట్టే ఆలోచనుంటే దాన్ని ముట్టుకోకండి. ఫైల్ పేరులోనే అంకె, ఎక్కించినవారి పేరు ఉంటాయి కాబట్టి పేరు మార్చకుండా ఉంచుకుంటే అదే మీకు చీటీ.

లూప్ అయ్యే సంగీతానికి ఎంపీ3 వద్దు. ఆ ఎన్‌కోడింగ్‌లో ఫైల్ మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం చేరుతుంది, పాట తిరిగి మొదలైన ప్రతిసారీ టక్కుమని ఆగినట్టు వినబడుతుంది. వేవ్ ఫైల్ దొరికితే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో తెరిచి ఓజీజీగా ఎగుమతి చేసి, గోడోలో ఇంపోర్ట్ ట్యాబ్‌లో ‘లూప్’ టిక్కు పెట్టి రీఇంపోర్ట్ నొక్కండి. ఎంపీ3నే ఓజీజీగా మారిస్తే ఆ నిశ్శబ్దం కూడా వెంటే వస్తుంది, దాన్ని ముందే కత్తిరించాలి.

సైట్‌లో నిజమైన లోపం ఇంకోటుంది. ఎవరైనా ఏదైనా ఎక్కించొచ్చు కాబట్టి, పేరున్న గేమ్‌లోంచి కోసుకొచ్చిన బొమ్మకు సీసీ జీరో అని రాసేవాళ్లూ దొరుకుతారు. తనది కానిదాన్ని ఒకడు పంచితే మీకు హక్కు రాదు. కిందున్న వ్యాఖ్యలు చదవండి, ఎక్కించినవారి మిగతా బొమ్మలు చూడండి. ఒక్కో బొమ్మ ఒక్కో చేతి గీతలా ఉంటే వదిలేయండి.

అక్కడ కోటలు, డ్రాగన్లు కుప్పలు. మన గుట్టల రాళ్లు, తాటివనం, బతుకమ్మ, ఇక్కత్ అంచు గీసి ఎక్కించాల్సింది మనమే. ఇక్కత్‌లో నూలుకు ముందే ముడులేసి రంగు అద్ది తర్వాత నేస్తారు, అందుకే అంచులు కత్తిరించినట్టుండవు, అల్లుకుపోయినట్టుంటాయి. పిక్సెల్ బొమ్మలో ఆ రూపు రావాలంటే డైమండ్ అంచును వరుస విడిచి వరుస ఒక పిక్సెల్ అటూ ఇటూ జరపాలి. దుకాణంలో కొత్త చీరను ఫొటో తీసి టెక్స్చర్ చేయడం సరికాదు, ఆ డిజైన్ ఇంకొకరిది కావచ్చు. గుట్ట రాయికైతే ఆ పేచీ లేదు. మబ్బు పట్టిన రోజు నీడ పడకుండా తీసి, 1024 పిక్సెళ్ల చతురస్రం కత్తిరించి, ఒక అంచు దాటింది ఎదుటి అంచు నుంచి వచ్చేలా అడ్డంగా, నిలువుగా సగం జరిపి, మధ్యలో కనబడే అతుకును చెరిపేయండి. ఎక్కించేటప్పుడు పీఎన్‌జీతో పాటు లేయర్లున్న అసలు ఫైల్ కూడా ఇవ్వండి, ట్యాగులు ఇంగ్లీషులో వేయండి. సీసీ లైసెన్సు ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోలేరు.

డప్పు, పన్నెండు మెట్ల కిన్నెర రికార్డు చేసి పంచాలనుకునేవాళ్లకు ఇంకో జాగ్రత్త. మన కాపీరైట్ చట్టంలో వాయించినవారికి 50 ఏళ్ల ప్రదర్శన హక్కు ఉంది. ఫోన్ మీదైనంత మాత్రాన రికార్డు మొత్తం మీది కాదు. జానపదం అనుకున్న పాటకు రాసిన కవి ఉండొచ్చు, అందుకే దరువు మాత్రమే తీసుకోవడం నయం. ముందే పైసలిచ్చి, ఒక కాగితం మీద తేదీ, ఊరు, ఏ దరువు, ఏ లైసెన్సు అని రాసి, ప్రపంచంలో ఎవరైనా దీన్ని అమ్మే గేమ్‌లో కూడా వాడుకుంటారని, తర్వాత ఇంకేమీ రాదని వాయించినాయనకు చదివి వినిపించి సంతకం తీసుకోండి. సైట్‌లో పేరు గడి నింపేటప్పుడు మీ పేరు కన్నా ముందు డప్పు కొట్టినాయన పేరు, ఊరి పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. దించుకున్నవాళ్లు ఆ గడిలో ఉన్నదాన్నే అక్షరం పొల్లుపోకుండా తమ గేమ్ చివర అతికిస్తారు.