ముంచంగిపుట్టు కొండల్లో పెట్టిన భోజనం

డిసెంబరులో శనివారం పూట అరకులో గది కావాలంటే ఫోన్‌లో చెప్పిన రేటు నమ్మకండి. డబ్బు ముందే కట్టి, ఎంత కట్టారో వాట్సాప్‌లో రాయించుకోండి. ముంచంగిపుట్టు వైపు ఒక ఊళ్ళో మెడికల్ క్యాంపు పెట్టడానికి వెళ్తూ ఆ రాత్రి మేం అరకులో ఆగాం. మాకు గది 1,600 అన్నారు. రాత్రి పదింటికి దిగేసరికి అది 2,400 అయింది. బకెట్ వేడినీళ్ళకు 50, ఇంకో దుప్పటికి 100, ఆ దుప్పటేమో తడి వాసన. మెడికల్ క్యాంపుకు వచ్చామని మా పాస్టర్‌గారు చెప్పినా రూపాయి తగ్గించలేదు. మాతో వచ్చిన రిటైర్డ్ నర్సక్క రాత్రంతా స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని కూర్చునే ఉంది. పొద్దున ఎవరితోనూ మాట్లాడలేదు.

ప్రయాణం బాగానే జరిగింది. విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలెక్కితే సొరంగాలు చూడొచ్చు గానీ, మందుల పెట్టెలతో అది కుదరదు. విశాఖలో టెంపో మాట్లాడుకున్నాం, రోజుకు 6,500, డీజిల్ మనదే.

ఊరు ముంచంగిపుట్టు వైపు, తారురోడ్డు ఆగిపోయాక ఇంకా నడవాలి. క్యాంపు రేకుల చర్చిలో పెట్టాం. ఏజెన్సీలో ఇలాంటి పనికి వెళ్ళేవాళ్ళు ముందుగా అక్కడి పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) చెప్పి, ఆశా కార్యకర్తను వెంట పెట్టుకోవాలి. పెద్దవాళ్ళు మాట్లాడేది ఆదివాసీ ఒడియా. ఆశా కార్యకర్తే లేకపోతే మా డాక్టరమ్మ మాట వాళ్ళకు ఒక్కటి కూడా అర్థమయ్యేది కాదు. పిల్లల్లో గజ్జి ఎక్కువగా కనిపించింది. దానికి ఒక్కరికి మందు రాస్తే లాభం లేదు, ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోవాలి.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా ఉంది. హిమోగ్లోబిన్ 7.2, అంటే రక్తం బాగా తక్కువ. డాక్టరమ్మ వెంటనే ఐరన్ బిళ్ళలు ఇవ్వలేదు. ఆ ప్రాంతంలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఎక్కువ కాబట్టి ముందు పీహెచ్‌సీలో ఆ పరీక్ష చేయించమని చీటీ రాసింది. నర్సక్క మాత్రం ఆవిడ చెయ్యి పట్టుకుని, "గుడ్లు తినాలమ్మా, ఆకుకూర తినాలి, నీ కోసం నువ్వు వండుకోవాలి" అని గట్టిగా చెప్పింది.

చీకటి పడింది, మంచు దిగింది, టెంపో దాకా నడవడం మంచిది కాదన్నారు ఊరివాళ్ళు. ఆ రాత్రి మాకు అన్నం పెట్టింది మధ్యాహ్నం వచ్చిన ఆవిడే. ముందు చోడి (రాగి) అంబలి, తర్వాత సామల అన్నం, రాజ్మా కూర, మాకోసం కోసిన నాటుకోడి. స్టీలు కంచాలు ఇరుగుపొరుగు నుంచి తెచ్చినవి, ఒక్కో కంచం అంచున ఒక్కో ఇంటివాళ్ళ పేరు చెక్కి ఉంది. ప్రతి కంచంలో ఒక ఉడికించిన గుడ్డు.

నర్సక్క గుడ్డు వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. కళ్ళనిండా నీళ్ళు. పొద్దుటి కోపం మనిషిలో ఎక్కడా లేదు. ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు తింటేనే నేను తింటా" అంది. ఆశా కార్యకర్త చెప్పాక ఆవిడ నవ్వి సగం తింది, మిగతా సగం మళ్ళీ అక్క కంచంలోనే పెట్టింది.

మేమంతా గుంటూరు వాళ్ళం. 1883లో మా ఊరికి వచ్చిన అమెరికన్ మిషన్ డాక్టర్ అన్నా కుగ్లర్ గురించి, 1898లో తెరిచిన ఆమె ఆసుపత్రి గురించి వింటూ పెరిగాం. మిషన్ సేవ అంటే ఇచ్చే చెయ్యే మా కళ్ళ ముందు మెదిలేది. ఆ రాత్రి పాస్టర్‌గారు లూకా సువార్త 10వ అధ్యాయం చదివారు. శిష్యుల్ని పంపుతూ యేసు ముందు మీకు పెట్టింది తినమన్నాడు, రోగుల్ని బాగుచేయమన్నది ఆ తర్వాతి మాట. ఎన్నోసార్లు చదివిన భాగమే, ఈ వరస నేనెప్పుడూ గమనించలేదు.

ఉన్న ఒక్క గదీ మాకిచ్చి వాళ్ళు పక్కింట్లో పడుకున్నారు. కుంపటి వెచ్చదనానికి హాయిగా నిద్రపట్టింది. పొద్దున 500 ఇవ్వబోతే ఇంటాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పైగా పసుపు కొమ్ములు మూటగట్టి ఇచ్చాడు.

అక్కడికి వెళ్ళేవాళ్ళు డబ్బివ్వాలని చూడకండి, నొచ్చుకుంటారు. బియ్యం, పప్పు, నూనె సంఘ భోజనానికని ముందురోజే చర్చిలో అప్పగిస్తే సంతోషంగా తీసుకుంటారు.

మొన్న ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. మాకు అన్నం పెట్టినావిడకు సికిల్ సెల్ లేదట, ఐరన్ బిళ్ళలు మొదలుపెట్టారు. మళ్ళీ రక్తపరీక్ష ఎప్పుడో కనుక్కోమని నర్సక్క నన్ను రోజూ అడుగుతోంది.