విదేశీ రేడియో ప్యాకేజీ: కాగితం పనికి సరే, పాట మోగడానికి కాదు

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు ఇంట్లోనే స్టూడియో పెట్టుకున్న కుర్రాళ్లకి ఈమధ్య ఒక ప్యాకేజీ అంటగడుతున్నారు. ‘మీ పాటని అమెరికా, కెనడా, యూరప్ రేడియోల్లో వేయిస్తాం’ అంటారు. ఫీజు ఐదంకెలు, అదీ ముందే. ఆరు వారాల ప్రచారం, చివర్లో ఓ పీడీఎఫ్ రిపోర్టు. సంస్థ పేరు అనవసరం, ఈ బాపతువన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఐదుకి రెండు మార్కులు.

ఆ రెండూ కాగితం పనికి. జముకు, డప్పు మీద నడిచే ఒక జానపదం ఫైలు తీసుకోండి. ఫైలు పేరు ‘ఫైనల్ మిక్స్ 3 కొత్తది’. రచయిత గడి ఖాళీ. నిడివి 4 నిమిషాల 50 సెకన్లు, గొంతు వినబడేసరికే 42 సెకన్లు. పైగా నాణ్యత తగ్గించి కుదించిన ఎంపీ3. ఇలా పంపితే తెరిచి చూసే నాథుడుండడు. వీళ్లు దాన్ని 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా తీయించి, పల్లవిని పది సెకన్లలోపుకి లాగి, 3 నిమిషాల 20 సెకన్ల రేడియో ఎడిట్ చేయిస్తారు. మిక్స్ చేసినవాడికి ప్రాణం చివుక్కుమంటుంది గానీ, అవసరమే. ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (ఒక్కో రికార్డింగుకి ఇచ్చే గుర్తింపు నంబరు) కూడా తీస్తారు: మొత్తం 12 స్థానాలు, మొదటి రెండు దేశానివి, తర్వాత మూడు కోడ్ తీసుకున్నవారివి, రెండు సంవత్సరానివి, చివరి ఐదు పాట వరుసవి. తప్పు జరిగేదీ ఇక్కడే. ఎడిట్‌కీ అసలు పాటకీ ఒకే కోడ్ పెట్టేస్తున్నారు. నిడివిలో ఇంత తేడా ఉంటే అది వేరే రికార్డింగు, వేరే కోడ్ ఉండాల్సిందే. లేకపోతే రెండింటి లెక్కలూ కలగాపులగం.

మూడు మార్కులు పోయింది ‘వేయిస్తాం’ అన్న మాట దగ్గర. వాళ్లు చేసేది మెయిల్ పంపడం, అంతే. పెద్ద స్టేషన్లలో ఆర్‌జే తనకి నచ్చిన పాట వేసుకోడు. మ్యూజిక్ డైరెక్టర్ (మన సినిమా సంగీత దర్శకుడు కాదు, స్టేషన్లో పాటలు ఎంచే ఉద్యోగి) వారం వారం జాబితా తేలుస్తాడు. ఒక పాట ఎక్కాలంటే ఒకటి దిగాలి. తెలియని భాష వినబడగానే కారులో ఉన్నవాడు స్టేషన్ మార్చేస్తాడని, దాంతో ప్రకటనల రేటు పడిపోతుందని అతని భయం. ఆ భయం పోగొట్టడానికి పెద్ద కంపెనీలు ఏళ్ల తరబడి పరిచయమున్న మనుషుల్ని పెట్టుకుంటాయి. మెయిల్ ఆ పని చేయదు. 2012లో కొరియా పాట ‘గంగ్నమ్ స్టైల్’ యూట్యూబ్‌లో వంద కోట్ల వ్యూస్ దాటినా, అమెరికా పాటల ర్యాంకుల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో ఏడు వారాలు రెండో స్థానంలోనే ఆగిపోయింది. అప్పటికి ఆ లెక్కలో యూట్యూబ్ లేదు, రేడియో ఉంది.

దూరదేశాలెందుకు, రాయగడలో కట్టిన తెలుగు పాటని భువనేశ్వర్ ఎఫ్‌ఎంలో పొద్దున్న ఎనిమిదింటికి వేయించమనండి చూద్దాం.

ప్యాకేజీ బ్రోచర్లో కనబడనిది కోటా. ఫ్రాన్స్ 1994 చట్టంతో రేడియో పాటల్లో 40 శాతం ఫ్రెంచివి ఉండాలని పెట్టింది, తర్వాత కొన్ని స్టేషన్లకి సడలించింది. మిగిలిన చోటులో ఇంగ్లీషు హిట్లు కూర్చుంటాయి. కెనడాలో వాణిజ్య రేడియోకి పాపులర్ పాటల్లో 35 శాతం స్వదేశీవి ఉండాలన్నది చాలాకాలంగా ఉన్న షరతు. స్వదేశీ అని తేల్చడానికి నాలుగు అంశాలు చూస్తారు: బాణీ, గాయకుడు, రికార్డింగు, సాహిత్యం. మామూలుగా రెండు కెనడావి అయితే చాలు. గుణుపూర్లో కట్టి, గుణుపూర్లోనే పాడిన పాటకి నాలుగింట సున్నా. అదే అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లలో ఒకరు రాసి, మరొకరు పాడితే రెండు వచ్చేస్తాయి. ఈ కిటుకు చెప్పి ఉంటే ఇంకో మార్కు వేసేవాళ్లం.

రిపోర్టు చూసి మురిసిపోకండి. అందులో చాలా వరకు ఇంటర్నెట్ స్టేషన్లు, కంప్యూటరే పాటలు తిప్పే అర్ధరాత్రి వేళలు. ‘ఇంకాస్త కడితే పెద్ద స్టేషన్’ అంటే అసలు కట్టొద్దు. డబ్బు తీసుకున్న సంగతి శ్రోతలకి చెప్పకుండా పాట వేయడం అమెరికాలో 1960 నుంచి చట్టవిరుద్ధం. ఇంకో మాట: అమెరికాలో మామూలు ఎఫ్‌ఎం, ఏఎంలో పాట మోగితే గాయకుడికి పైసా రాదు, రాయల్టీ రచయితకీ స్వరకర్తకీ మాత్రమే. అది ఇక్కడికి చేరాలంటే వాళ్లు ఐపీఆర్‌ఎస్‌లో (రచయితలకీ స్వరకర్తలకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే మన దేశపు సంస్థ) సభ్యులై, పాట నమోదై ఉండాలి. ప్యాకేజీలో ఇది లేదు.

ఫైలు, కోడ్, ఎడిట్ వరకే విడిగా చేస్తారేమో బేరమాడండి. తర్వాత విదేశీ కాలేజీ, కమ్యూనిటీ స్టేషన్లలో ప్రపంచ సంగీతం కార్యక్రమాలు నడిపేవాళ్లకి మీరే రాయండి, అక్కడ పాట ఎంచేది ఆ కార్యక్రమం నడిపే మనిషే. నాలుగు వాక్యాలు చాలు: పాట భావం, వాయిద్యాల పేర్లు, ఊరు, డౌన్‌లోడ్ లింకు. వేవ్ ఫైలు అటాచ్ చేయకండి, ముప్పై ఎంబీ దాటుతుంది, మెయిల్ వెనక్కొస్తుంది. ఆకాశవాణి బరంపురం, జయపూర్ (ఒడిశాది, రాజస్థాన్‌ది కాదు) కేంద్రాల్లో ఆడిషన్ దరఖాస్తు ఎలాగూ పక్కనే ఉంది. ఇంత విన్నాక కూడా ప్యాకేజీ కావాలంటే, స్టేషన్ పేరు, ఫ్రీక్వెన్సీ, స్థానిక సమయం, కార్యక్రమం పేరు రిపోర్టులో ఇస్తామని ముందే రాయించుకోండి. ఫ్రీక్వెన్సీ అడగ్గానే ఫోను పెట్టేస్తే ఐదంకెలు మిగిలినట్టే.