సగం కంచం కూరల పద్ధతి: చాలాకాలం పాటించాక నా మాటంతా పెరుగన్నం గురించే

సగం కంచం కూరలు, కొంత పప్పు, తక్కువ అన్నం. ఈ పద్ధతి అందరికీ తెలిసిందే కాబట్టి వివరాల జోలికి పోను. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లోని పళ్లెం బొమ్మ చూసి మొదలుపెట్టాను, ఇప్పటికీ పాటిస్తున్నాను. నాకు ఇది ఇంతకాలం నిలిచిందంటే కారణం చివర్లో తినే పెరుగన్నం.

అన్నం తగ్గించమని చెప్పేవాళ్లు ముందు కోత పెట్టేది దానికే. అంతకుముందు డబ్బు కట్టి ఒకచోట తీసుకున్న డైట్ చార్టులో రాత్రికి రెండు పుల్కాలు, కూర, కీరా ముక్కలు ఉండేవి. కడుపు నిండేది, భోజనం చేసినట్టు మాత్రం ఉండేది కాదు. పదింటికి వంటింట్లోకి వెళ్లి డబ్బాల మూతలు తీయడం మొదలయ్యేది. జంతికలు, వేరుశెనగ పప్పులు, పిల్లల బిస్కెట్లు, ఏది దొరికితే అది. ఆ చార్టు మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. ఆకలి లేకుండా తినడమనే అలవాటు నాకు దానితోనే వచ్చింది.

పోషకాహార సంస్థ పళ్లెంలో మాత్రం రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు ఉంది. అది చూసి పెరుగన్నం వెనక్కి తెచ్చుకున్నాను. నేను చేసేది ఇంతే. అన్నం ఒక్కసారే, కప్పుతో కొలిచి పెట్టుకుంటాను. అందులో మూడో వంతు ముందే పక్కకు జరిపి పెరుగు కోసం ఉంచేస్తాను. ముందు ఉత్త కూర తింటాను, తర్వాత పప్పన్నం. చారు అన్నంలో కలుపుకోకుండా గ్లాసులో పోసుకుని తాగుతాను. ఆఖరున పెరుగన్నం. మారు వడ్డన లేదు.

మన భోజనంలో పప్పు, పులుసు, చారు, పెరుగు వరసగా వస్తాయి, ఒక్కోదానికీ మళ్లీ అన్నం పడుతుంది. ఒకే రుచి తింటూ పోతే దాని మీద మోజు తగ్గుతుంది, వేరే రుచి కంచంలో పడగానే తినాలన్న కోరిక మళ్లీ లేస్తుంది. పోషకాహార శాస్త్రంలో దీన్ని సెన్సరీ స్పెసిఫిక్ సేటైటీ అంటారు. పెళ్లి బంతిలో ఇక వద్దని చెయ్యి అడ్డం పెట్టినవాళ్లు కూడా ఐస్‌క్రీమ్ తినగలిగేది అందుకే. మన ఇళ్లలో ఇది రోజూ జరుగుతుంది. ఆ వరసలో పెరుగు తర్వాత ఇంకేమీ రాదు. చిన్నప్పటి నుంచీ ఆ ముద్ద తిన్నాక చెయ్యి కడుక్కోవడమే తెలుసు, నా ఒంటికి కూడా భోజనం అయిపోయిందని చెప్పేది ఆ ముద్దే. పైగా కడుపు నిండిన సంగతి మెదడుకు చేరడానికి 20 నిమిషాల దాకా పడుతుందంటారు. కూర నములుతూ నెమ్మదిగా పెరుగు దాకా వచ్చేసరికి నాకు దాదాపు ఆ టైమ్ గడిచిపోతుంది.

"అప్పుడే పెరుగులోకి వచ్చేశావేంట్రా, ఒంట్లో బాగాలేదా?" అని మొదట్లో మా అమ్మ రోజూ అడిగేది. రాత్రి డబ్బాల జోలికి వెళ్లడం ఆగిపోయాక అడగడం మానేసింది.

ఇంత బాగా సాగినది కొత్త ఆవకాయ దగ్గర ఆగిపోయింది. ఎండాకాలం ఊరెళ్లి ఆవకాయ కలిపిన రోజు, జాడీలోకి ఎత్తేశాక ఆ బేసిన్‌లోనే వేడన్నం, నెయ్యి వేసి కలిపి అందరి చేతుల్లో ముద్దలు పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. అక్కడ కంచమే ఉండదు, సగం కంచం మాట ఎక్కడిది? ఆ ఒక్క పూట గురించి నాకు దిగులు లేదు, ఏ పద్ధతి కోసమూ దాన్ని వదులుకోను. ఇబ్బంది ఆ తర్వాతి వారాల్లో వచ్చింది. ఆ ఉప్పూ కారమూ నూనే ఒక ముద్దతో ఊరుకోనివ్వవు. కూర కంచంలో చల్లారిపోయేది. అంతకన్నా నన్ను బాధపెట్టింది ఏమిటంటే, పెరుగన్నంలో ఆవకాయ బద్ద నంజుకోగానే ఆఖరి ముద్ద కాస్తా మొదటి ముద్ద అయ్యేది. బద్ద మిగిలితే ఇంకొంచెం అన్నం, అన్నం మిగిలితే ఇంకో బద్ద. నేను నమ్ముకున్న ముగింపే పనిచేయలేదు. రాత్రి దాహం, పొద్దున్నే కడుపులో బరువు.

చాలా రోజులకు ఒక దారి దొరికింది. ఆవకాయ తినేది ముద్దపప్పుతోనే, అదీ అన్నం కన్నా పప్పు ఎక్కువ ఉండేలా. పప్పుకు కడుపు తొందరగా నిండుతుంది. పెరుగన్నంలోకి మాత్రం ఆవకాయ లేదు, ఉల్లిపాయ ముక్క చాలు. వారంలో ఎక్కువ రోజులు ఇది నిలుస్తుంది, ఆదివారాలు నిలవదు.

సగం కంచం కూరలన్నాను గానీ, ఏ కూరైనా పర్వాలేదని కాదు. దొండకాయ వేపుడు సగం కంచం తింటే బోలెడు నూనె కూడా తిన్నట్టే. బీరకాయ పెసరపప్పు, సొరకాయ, ఆకుకూరలు, ఇగుర్లకే ఇది బాగా నప్పుతుంది. ఇన్ని కూరలు రోజూ తరగడం చిన్న పని కాదు, మా ఇంట్లో నేనూ మా ఆవిడా వంతులేసుకుంటాం. ఒక్కరే ఉంటూ రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరేవాళ్లు ఎలా చేసుకుంటారో నాకు అంతుపట్టదు. బాగా ఆలస్యమై ఆకలి మండిపోతున్న రోజున ముందు కూర తినే ఓపిక నాకే ఉండదు.

నా నడుం కొంత తగ్గింది. అంతకన్నా పెద్ద సంతోషం, తిన్నాక తిండి గురించి ఆలోచించకుండా పడుకోగలగడం. అయితే నాది కుర్చీలో కూర్చునే ఉద్యోగం, ఆ కొలత కప్పు నా పనికి సరిపోయింది. పొద్దున్నుంచీ పొలంలో ఉండే మా బాబాయికి మారు వద్దని చెప్పను. పెరుగు పడనివాళ్లకు నా అనుభవం పెద్దగా ఉపయోగపడదు. షుగర్‌కి ఇన్సులిన్ వేసుకునేవాళ్లయితే ముందు డాక్టర్ని అడగాలి, అన్నం తగ్గితే మందు మోతాదు కూడా మార్చాల్సి రావచ్చు.