జింకా, కాల్షియమా: యాంటీబయాటిక్‌కి ఏ తోడు మేలు?

మోకాలు గీరుకుపోయిన పిల్లాడికి చల్లే నియోస్పోరిన్ పౌడర్ డబ్బా ఓసారి తిప్పి చదవండి. అందులోని మూడు మందుల్లో ఒకటి ‘బాసిట్రాసిన్ జింక్’. ఆ జింక్ బలం కోసం కలిపింది కాదు. బాసిట్రాసిన్‌కి అది కుడిభుజం.

1943లో ట్రేసీ అనే అమ్మాయి కాలి గాయంలో దొరికిన బాసిల్లస్ అనే బ్యాక్టీరియా నుంచి వచ్చిన మందు ఇది. పేరులో ఆ ఇద్దరూ ఉన్నారు. 12 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్. బ్యాక్టీరియా గోడకి ఇటుకలు మోసే కొవ్వు అణువు ఒకటుంది, దాని కొసన జంట ఫాస్ఫేట్లు ఉంటాయి. 2013లో వెలువడిన స్ఫటిక నిర్మాణం చూస్తే, బాసిట్రాసిన్ ఆ ఫాస్ఫేట్ల చుట్టూ గుప్పిట మూసినట్టు ముడుచుకుని ఉంది. గుప్పిట లోపల ఒక జింక్ అయాన్, ఒక సోడియం అయాన్. కూలీ చిక్కుకుపోయాడు, గోడ పని ఆగిపోయింది. లోహ అయాన్లని పట్టేసే ఈడీటీఏ అనే రసాయనం వేసి జింక్‌ని లాగేస్తే మందు చచ్చుబడుతుంది. పైగా, జింక్ ఉంటేనే పౌడర్ ఎక్కువకాలం నిలవ ఉంటుంది. అంటే తోడుని డబ్బాలోనే వెంటబెట్టుకుని వస్తుందన్నమాట.

ఒంట్లోకి ఎక్కించే డాప్టోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ తీరు వేరు. దాని సీసాలో కాల్షియం ఉండదు. 13 అమైనో ఆమ్లాలు, 10 కార్బన్ల కొవ్వు తోక, మొత్తమ్మీద రుణావేశం. బ్యాక్టీరియా పొర మీదా రుణావేశమే. ఆ రెండూ దగ్గరకి రావాలంటే మధ్యవర్తి కావాలి. రక్తంలో ఎలాగూ తిరుగుతున్న కాల్షియం అయాన్లే ఆ పని చేస్తాయి. అవి అంటుకోగానే పెప్టైడ్ ఆకారం మారి, తోక పొరలోకి దిగుతుంది.

ఇది పుస్తకంలో చదవడం వేరు, ల్యాబ్‌లో దెబ్బతినడం వేరు. ఒకసారి మా దగ్గర డాప్టోమైసిన్ పరీక్షకి, బ్యాక్టీరియాని పెంచే ద్రవంగా, మిగతా మందులకి వాడే మ్యూలర్ హింటన్ బ్రాత్‌నే వాడేశారు. అందులో లీటరుకి 20–25 మి.గ్రా. కాల్షియమే ఉంటుంది, ఈ మందుకి 50 ఉండాలి, రక్తంలో స్వేచ్ఛగా ఉండే కాల్షియం దాదాపు అంతే కాబట్టి. మందుకి లొంగాల్సిన, పోలిక కోసం పెట్టుకునే స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా కూడా హద్దు దాటి పెరిగింది. రెండు రోజులు మందునే అనుమానించాం. తప్పు బ్రాత్‌లో ఉంది!

మరి ఏది మేలు? గీరుకుపోయిన చర్మానికైతే జింక్ పొత్తే. పైపూతకి నిలవ ముఖ్యం, చవకతనం ముఖ్యం. ఒంట్లోకి ఎక్కించాల్సి వస్తే నా ఓటు నిస్సందేహంగా కాల్షియం పొత్తుకే. బాసిట్రాసిన్ ఇంజెక్షన్ కిడ్నీలని దెబ్బతీస్తుందని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోమంది. అలాగని డాప్టోమైసిన్‌ని నెత్తికెత్తుకోనక్కర్లేదు: ఊపిరితిత్తుల్లో గాలి తిత్తుల లోపలి పూత, సర్ఫాక్టెంట్, దాన్ని పట్టేసుకుంటుంది, కనక న్యుమోనియాకి పనికిరాదు. అక్కడ కాల్షియం ఎంతున్నా లాభం లేదు.

అన్నట్టు, ఆ నియోస్పోరిన్ డబ్బాలోనే ఉన్న పాలిమిక్సిన్ బి అనే మందుకి ఈ పొత్తులు గిట్టవు. బ్యాక్టీరియా బయటి పొరని కుట్టి ఉంచే కాల్షియం, మెగ్నీషియంలని తోసేసి, ఆ చోట్లో తాను కూర్చుంటుంది. చుట్టూ ఆ అయాన్లు ఎక్కువైతే దాని జోరు తగ్గుతుంది.