బీపీ మెషిన్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు దాని మాన్యువల్ తెరిచి చూడండి

పోయిన నెల తెనాలిలో ఉంటున్న అమ్మ కోసం ఆన్‌లైన్‌లో 1,450 రూపాయలు పెట్టి ఒక బీపీ మెషిన్ కొన్నాను. మెషిన్‌లో లోపమేమీ లేదు, ఇప్పటికీ సరిగ్గానే పనిచేస్తోంది. గొడవంతా దానితో వచ్చిన పుస్తకంతోనే. దానివల్ల అమ్మ ఒక రాత్రి ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాల్సి వచ్చింది.

ఆ రోజు రాత్రి తొమ్మిదిన్నరకి అమ్మ ఫోన్ చేసి, "172 బై 98 చూపిస్తోందిరా, నాకు టెన్షన్‌గా ఉంది" అంది. నేనేమో హైదరాబాద్‌లో ఉన్నాను. పక్కింటి పిన్నిగారు తోడు వెళ్లారు. ఆసుపత్రిలో కాసేపు కూర్చోబెట్టి చూస్తే 134 బై 84. డాక్టరుగారు "ఇంట్లో ఎలా కట్టుకుని చూశారమ్మా?" అని అడిగారట. జాకెట్టు చెయ్యి మీదే పట్టీ, చెయ్యి ఒళ్లో, కాళ్లు మంచం మీంచి వేలాడుతూ, పైగా కొలుస్తున్నంతసేపూ పిన్నిగారితో మాటలు. ఇవన్నీ బీపీని ఉన్నదానికంటే ఎక్కువ చూపించేవే.

అమ్మ నిర్లక్ష్యంగా ఏమీ చెయ్యలేదు. కళ్లజోడు పెట్టుకుని చదివి మరీ చేసింది.

నేను పదేళ్లుగా సాఫ్ట్‌వేర్ కంపెనీలకు మాన్యువల్స్ రాస్తున్నాను. ఆ వారాంతం తెనాలి వెళ్లి పుస్తకం మొత్తం చదివాను. చదివేకొద్దీ కోపం వచ్చింది. మొదటి పదకొండు పేజీలూ సాంకేతిక వివరాలు, సర్టిఫికెట్లు, గ్యారంటీ షరతులు. పట్టీ ఎలా కట్టాలో 14వ పేజీలో ఉంది. కొలిచే ముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, మాట్లాడకూడదు అన్నది 23వ పేజీలో, 'ఇతర సూచనలు' కింద ఎక్కడో ఉంది. కొలవడం అయిపోయాక కనిపించే హెచ్చరిక ఎవరికి పనికొస్తుంది? ఏ పని గురించిన హెచ్చరికైనా ఆ పనికి ముందే రావాలని మా వృత్తిలో చేరిన మొదటి వారంలోనే నేర్పుతారు.

పట్టీని ఒక పేజీలో కఫ్ అన్నారు, ఇంకో పేజీలో ఆర్మ్‌బ్యాండ్, బొమ్మ కింద ఎయిర్‌బ్యాగ్. ఒక వస్తువుకి ఒకటే పేరు వాడకపోతే చదివేవాళ్లు మూడు వస్తువులు ఉన్నాయనుకుంటారు. అమ్మ నిజంగానే మిగతా రెండింటి కోసం పెట్టెంతా వెతికింది.

క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చే తెలుగు పేజీ మరీ ఘోరం. యంత్రంతో అనువాదం చేయించి వదిలేశారు, తెలుగు వచ్చిన మనిషి ఒక్కసారి చదివినా పట్టుకునేవారు. ఇంగ్లీషులో చొక్కా చేతి అంచునీ కఫ్ అనే అంటారు కాబట్టి, కఫ్ అన్న మాట 'చొక్కా చేతి అంచు' అయిపోయింది. 'చొక్కా చేతి అంచును పై చేతికి చుట్టండి' అని రాసి ఉంటే బట్ట మీదే కట్టుకోరా మరి?

ఇంకోరోజు స్క్రీన్ మీద 17.6, కింద 10.9 వచ్చాయి. మెషిన్ పాడైందనుకుంది అమ్మ. పొరపాటున ఒక బటన్ ఎక్కువసేపు నొక్కితే అది కొలమానాన్ని పాదరసం మిల్లీమీటర్ల నుంచి కిలోపాస్కల్స్‌కి మార్చేస్తుంది. ఒక కిలోపాస్కల్ అంటే దాదాపు 7.5 మిల్లీమీటర్లు, అంటే 17.6 అసలు 132 అన్నమాట. అంకెలు వింతగా కనిపిస్తే ఏం చెయ్యాలో పుస్తకంలో ఎక్కడా లేదు.

'వస్తువులో లోపం లేదు కాబట్టి రిటర్న్ కుదరదు' అన్నారు అమ్మినవాళ్లు. ఇది ఒప్పుకోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ ప్రకారం, హాని జరగకుండా సరిగ్గా వాడటానికి తగిన సూచనలు ఇవ్వకపోతే, దానివల్ల జరిగిన నష్టానికి తయారీదారు బాధ్యుడవుతాడు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. ఫిర్యాదు నంబరు వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు.

కొనేవాళ్లు ముందుగా తయారీ కంపెనీ సైట్‌లో మాన్యువల్ పీడీఎఫ్ ఉందేమో చూడండి. లేకపోతే ఆ మెషిన్ వద్దు. ఉంటే పట్టీ కట్టే బొమ్మ ఎన్నో పేజీలో ఉందో వెతకండి. తెలుగు పేజీని పైకి చదవండి, అర్థం కాకపోతే మీ అమ్మానాన్నలకీ కాదు. పట్టీ కొలత కూడా చూడండి. మామూలుగా వచ్చేవి 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికే సరిపోతాయి. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది.

ప్రస్తుతానికి అరఠావు కాగితం మీద పెద్ద అక్షరాలతో ఆరు వాక్యాలు రాసి మెషిన్ మూతకి అంటించాను. నా ముందే అమ్మ చేత చదివిస్తూ చేయించాను. నాలుగో వాక్యం దగ్గర ఆగి, "మోచేతి మడతకి పైన అంటే ఎంత పైన?" అని అడిగింది. అక్కడ 'రెండు వేళ్ల వెడల్పు' అని కలిపి రాశాను.