హన్నా హెచ్‌ఐ774 ఫాస్ఫేట్ చెకర్: పగడాల తొట్టెకు ఎంతవరకు పనికొస్తుంది?

నీటిలో ఫాస్ఫేటు ఎంత ఉందో చెప్పే, హన్నా సంస్థ వారి ఈ చిన్న మీటరు కొనడానికి కారణం నేను చేజేతులా తెచ్చుకున్న నష్టమే. డాలస్ శివారులోని మా ఇంట్లో 75 గ్యాలన్ల, అంటే సుమారు 285 లీటర్ల పగడాల తొట్టె ఉంది. మొదట్లో ఫాస్ఫేటును కొలవడానికి, సీసాలోని నీటి రంగును కార్డు మీది రంగులతో పోల్చి చూసే కిట్టు వాడేవాడిని. అద్దాల మీద నాచు దట్టమవుతుంటే కంగారుపడి, కార్డు మీది లేత నీలం ఏ గడికి సరిపోతుందో తేల్చుకోలేక, ఫాస్ఫేటును పీల్చుకునే ఫెర్రిక్ ఆక్సైడ్ గుళికలను మోతాదుకు రెట్టింపు వేశాను. మూడు వారాలు తిరిగేసరికి అక్రోపోరా అనే రాతి పగడం కొమ్మల మొదళ్లలో పలుచటి కణజాలం ఊడిపోయి, సున్నం కొట్టినట్టు తెల్లటి అస్థిపంజరం బయటపడింది.

ఫాస్ఫేటు పగడానికి శత్రువన్న మాటలో నిజం సగమే. అది మితిమీరితే అస్థిపంజరం కట్టుకునే పని మందగిస్తుంది, నాచు విజృంభిస్తుంది. బొత్తిగా కరవైతే, పగడం కణజాలంలో కాపురముంటూ దానికి ఆహారం సమకూర్చే సూక్ష్మ శైవలాలు దెబ్బతింటాయి. నైట్రేటు పుష్కలంగా ఉండి ఫాస్ఫేటు కొరవడిన నీటిలో పగడాలు పాలిపోతాయని బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన ప్రయోగాలలో చూపారు. అందుకే పెంపకందారుల్లో చాలామంది ఫాస్ఫేటును 0.03 నుంచి 0.10 పీపీఎం (పది లక్షల్లో వంతులు) మధ్య నిలపాలని చూస్తారు. అంత ఇరుకైన హద్దుల్లో నీలం ఛాయను కంటితో పోల్చి చెప్పడం నా వల్ల కాలేదు.

హెచ్‌ఐ774 చేసేది కూడా రంగును కొలవడమే, కాకపోతే కంటి బదులు దీపంతో కొలుస్తుంది. అరచేతిలో ఇమిడే ఈ పరికరం ఒకే ఒక్క ట్రిపుల్‌-ఏ బ్యాటరీతో నడుస్తుంది. గాజు సీసాలో 10 మిల్లీలీటర్ల తొట్టె నీరు పోసి ముందు దానితో మీటరును సున్నాకు సరిచేయాలి, తర్వాత అదే సీసాలో పొట్లంలోని రంగు పుట్టించే పొడి వేసి రెండు నిమిషాలు మెల్లగా కలిపి, తిరిగి మీటరులో ఉంచి మూడు నిమిషాల లెక్క పూర్తయ్యేవరకు ఆగాలి. చదవడానికి ఇంతే గాని, చెయ్యి తిరగడానికి నాకు నెల పట్టింది. పొట్లం మూలలో నాలుగు రేణువులు మిగిలినా, సీసా గోడకు బుడగ అంటుకున్నా, గాజు మీద వేలిముద్ర పడినా అంకె మారిపోతుంది. ఒక ఆదివారం ఉదయం ఒకే నీటిని వెంటవెంటనే రెండుసార్లు పరీక్షిస్తే ఒకసారి 0.05, మరోసారి 0.11 వచ్చాయి. సీసాను వెలుతురులోకి ఎత్తి చూస్తే అడుగున కరగని పొడి దుమ్ములా కదులుతోంది. అప్పటి నుంచి పొట్లాన్ని కత్తెరతో రెండు వైపులా కత్తిరించి, దోనెలా మడిచి వంపుతున్నాను, సీసాను మెత్తని గుడ్డతో తుడవనిదే లోపల పెట్టడం లేదు.

దీని కచ్చితత్వం గురించి తయారీదారు ఇచ్చిన లెక్కను కొనేముందే చదవాలి: 0.02 పీపీఎం అటూ ఇటూ, దానిపైన రీడింగులో 5 శాతం. అంటే తెర మీద 0.03 కనిపించినప్పుడు నీటిలో ఉన్నది 0.01 కావచ్చు, 0.05 కూడా కావచ్చు. ఇదే సంస్థ అమ్మే హెచ్‌ఐ736 ఫాస్ఫేటుకు బదులు అందులోని ఫాస్ఫరస్‌ను పీపీబీలలో (వంద కోట్లలో వంతులు) చూపుతుంది కాబట్టి అది మరింత సూక్ష్మమని చాలామంది నమ్ముతారు. దాని అంకెను 3.066తో గుణించి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేటు పీపీఎంలలో వస్తుంది. అయితే దానికి చెప్పిన 5 పీపీబీల తేడా కూడా ఈ లెక్కన 0.015 పీపీఎంకు సమానం. అంకెలు సన్నమయ్యాయే గాని, కొలత అంత సన్నమేమీ కాలేదు. గుణించే పని ఉండదన్న ఒక్క కారణంతో నేను 774నే ఎంచుకున్నాను.

మీటరుకు కనిపించనివీ ఉన్నాయి. నీటిలో విడిగా కరిగి ఉన్న ఫాస్ఫేటును (ఆర్థోఫాస్ఫేటును) మాత్రమే ఇది పట్టుకుంటుంది గనుక, నాచు అప్పటికే తినేసినది లెక్కలోకి రాదు. నాచు పచ్చగా మేట వేసిన తొట్టెలో కూడా 0.02 చూపించడం ఇందుకే. నైట్రేటులోని నత్రజని బ్యాక్టీరియా పుణ్యాన వాయువై గాలిలో కలిసిపోగలదు, ఫాస్ఫేటుకు ఆ దారి లేదు. చేపల మేతతో వచ్చినదానిలో కొంత రాళ్లకూ ఇసుకకూ అంటుకుని, నీటిలో తగ్గినప్పుడల్లా మెల్లగా బయటికి వస్తుంది. గుళికలు వేసిన మర్నాడు 0.04కు దిగిన రీడింగు నాలుగో రోజుకు మళ్లీ 0.09కి ఎక్కితే, అది మీటరు తప్పు కాదు, రాళ్లు బాకీ తీరుస్తున్నాయన్నమాట. ఈ సంగతి తెలిశాక ఒక్క రీడింగును చూసి మందు వేయడం మానేశాను. వరుసగా మూడు ఆదివారాల అంకెలు ఒకే దిక్కుకు నడిస్తేనే గుళికలు మారుస్తాను, అవీ మోతాదులో సగమే.

విశాఖలోని మా బావగారు ఈ మీటరు ఫోటో చూసి, తానూ ఇలాంటి తొట్టె పెట్టుకుంటానన్నారు. భారతదేశంలో పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులనీ, సముద్రంలోంచి తీసినా, కొన్నా నేరమేననీ చెప్పి, ఉప్పునీటి చేపలతో సరిపెట్టుకోమన్నాను. చేపలు మాత్రమే ఉండే తొట్టెకు ఇంత సూక్ష్మమైన కొలత అక్కర్లేదు, రంగుల కార్డు చాలు.

అక్రోపోరా వంటి సున్నితమైన రాతి పగడాలు పెంచేవారు దీన్ని కొనవచ్చు. మెత్తని పగడాలు మాత్రమే ఉన్నవారు తొందరపడనక్కర్లేదు. పొడి పెట్టెలో 25 పొట్లాలుంటాయి, వారానికి ఒక్కటి చొప్పున దాదాపు ఆరు నెలలు వస్తాయి, రోజూ పరీక్షించాలన్న ఆత్రం ఉంటే నెల కూడా రావు. పెట్టె మీది గడువు తేదీ చూసి తీసుకోండి. నైట్రేటును కొలవడానికి మాత్రం విడిగా ఇంకో కిట్టు ఉండాల్సిందే.