వరంగల్ వాన లెక్కకు నంపైయా, ఎక్స్‌అరేనా?

నంపై, ఎక్స్‌అరే రెండూ పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో అంకెల పట్టికలతో లెక్కలు చేసే లైబ్రరీలు. వాతావరణ శాఖ రోజువారీ వాన గ్రిడ్ 0.25 డిగ్రీలది, అంటే దేశాన్ని అంత వెడల్పు గడులుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక వాన అంకె ఇస్తుంది. కాజీపేట, హన్మకొండ, వరంగల్ మూడూ ఒకే గడిలో పడతాయి.

ఖర్చు: రెండూ ఉచితమే.

శ్రమ: నంపైలో గడి నంబర్ (సున్నా నుంచి, 0.25 డిగ్రీకి ఒకటి చొప్పున) మనమే లెక్కేసుకోవాలి. అక్షాంశాలు 6.5 నుంచి మొదలు, కాబట్టి 18.0 అంటే 46. రేఖాంశం 66.5 నుంచి, 79.5 అంటే 52. ఓసారి ఈ రెండూ తారుమారు చేసి, మహారాష్ట్రలో కిన్వట్ దిక్కు వానను వరంగల్ వాన అనుకున్నా! ఎక్స్‌అరేలో అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి, దగ్గరిది (nearest) కావాలని చెప్తే చాలు, ఆ గడిని అదే పట్టుకుంటుంది.

రిస్క్: డేటా లేనిచోట -999 ఉంటుంది. నంపైలో దాన్ని మనమే తీసేయకపోతే వాన కూడిక మైనస్‌లోకి పోతుంది. నెట్‌సీడీఎఫ్ (డేటాతో పాటు దాని వివరాలూ ఉండే ఫైల్ రకం) ఫైల్‌లో -999 అంటే డేటా లేదని రాసి ఉంటే, ఎక్స్‌అరే దాన్ని ఖాళీగా చూస్తుంది.

ఒక్క ఏడాది బైనరీ ఫైల్ (వివరాలేమీ లేకుండా అంకెలే ఉండేది), ఒక్క గడి అయితే నంపై. ముప్పై ఏళ్ల నెలవారీ మొత్తాలు, మ్యాపులు కావాలంటే ఎక్స్‌అరేనే.